అప్‌డేట్: అమ్మ మెడ వాపుకు సైంధవ లవణం కారణం కాదు

చెన్నై వేలచ్చేరిలో ఉంటాం. సైంధవ లవణానికి మారిన ఏడాదికి అమ్మ మెడ ముందు వాపు కనిపించింది, అయోడిన్ లోపమా అని రెండు నెలల కిందట అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు టీఎస్‌హెచ్, యాంటీ టీపీఓ పరీక్షలు చేయించండి" అన్న సలహానే పనికొచ్చింది. మొదటిది మెడలోని థైరాయిడ్ గ్రంథి పనితీరును, రెండోది దాన్ని దెబ్బతీసే యాంటీబాడీలను చూసే రక్తపరీక్ష.

డాక్టర్ అమ్మ చేతికి గ్లాసు నీళ్లిచ్చి, గుటక వేస్తున్నప్పుడు వాపు పైకి కదలడం చూసి థైరాయిడేనన్నారు. టీఎస్‌హెచ్ 14, అంటే ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. యాంటీబాడీలూ బాగా ఎక్కువ. స్కాన్‌లో గడ్డలేవీ లేవు. హషిమోటో అట, అంటే మన రోగనిరోధక శక్తే ఆ గ్రంథిని దెబ్బతీస్తుంది. రోజూ పరగడుపున 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర వేసుకోవాలి. కాఫీ అరగంట ఆగాకే. అమ్మకు జబ్బు కన్నా అదే పెద్ద బాధ! ఆరు వారాలకు టీఎస్‌హెచ్ 5కి దిగింది, వాపు కొంచెం తగ్గింది.

వాపు పెంచుతుందేమోనని క్యాబేజీ మాన్పించడం అనవసరమట. అయోడిన్ కోసం నేను ఆత్రంగా తెప్పించిన సముద్రపు నాచు మాత్రల్ని మాత్రం వెంటనే ఆపించారు. అయోడిన్ ఎక్కువైతే ఈ జబ్బు ముదరొచ్చు.

అలాగని అయోడిన్ సంగతి ఉత్తది కాదు. మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ రామలింగస్వామి బృందం 1956 నుంచి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో కొన్ని ప్రాంతాలకు అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి చూసింది. అయోడిన్ అందిన చోట గాయిటర్ (థైరాయిడ్ వాపు) బాగా తగ్గింది. సైంధవంలో అయోడిన్ దాదాపు ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, గర్భిణులకు ఇంకా ఎక్కువ కావాలి. మా ఆవిడకు ఇప్పుడు ఐదో నెల, అందుకే అయోడిన్ ఉప్పు ప్యాకెట్ మళ్లీ వంటింట్లోకి వచ్చింది.