ఫిల్లర్లు: "ఎలాగూ కరిగిపోతుంది" అన్న ధీమా సరైనదేనా?

మధురానగర్_అక్క:
మా చెల్లి పెళ్లి ఫాల్గుణంలో. పెదాలకీ, కళ్ల కింద గుంతలకీ ఫిల్లర్ (చర్మం కింద సూదితో ఎక్కించి నింపే జెల్) వేయించుకుంటానని పట్టుబట్టింది. "హైలురానిక్ యాసిడే కదండీ, ఏడాదిలో పోతుంది, నచ్చకపోతే కరిగించేస్తాం" అన్నారట క్లినిక్‌లో. నెలల తర్వాత గడ్డలు కడతాయని చదివి నేను వద్దంటున్నాను. మీరేమంటారు?

నిడదవోలు_కుర్రాడు:
వేయించుకోనివ్వండి అక్కా. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లోనే రెస్టిలేన్ అనే హైలురానిక్ యాసిడ్ ఫిల్లర్‌కి అనుమతిచ్చింది. ఇన్నేళ్లుగా వాడుతున్నారు. ఎక్కడో ఒకరికి వాపొచ్చిందని పెళ్లికూతుర్ని భయపెట్టడం న్యాయం కాదు.

చర్మవైద్యం_పీజీ:
అరుదన్నది నిజమే. కానీ అంతటితో మాట ముగించేస్తున్నారు, అదే నా అభ్యంతరం. సూది వేసిన రోజు కమిలిపోవడం వేరు. అక్కగారు చెప్పిన గడ్డ అలా కాదు, సూది వాపంతా సర్దుకున్నాక, నెలలకో ఏళ్లకో ఎర్రగా, గట్టిగా తేలుతుంది. ఫ్లూ, సైనస్, పంటి చికిత్స, ఏదైనా దాన్ని రేపొచ్చు. రోగనిరోధక వ్యవస్థ దేనిమీదో విరుచుకుపడుతూ లోపలున్న జెల్ మీదకీ మళ్లుతుంది. సూదితోపాటు లోపలికెళ్లిన బ్యాక్టీరియా జెల్ చుట్టూ పొరకట్టి చాన్నాళ్లు ఉండిపోవడం ఇంకో కారణం. 2020 డిసెంబరులో మోడర్నా కోవిడ్ టీకా పరీక్షల వివరాలు ఎఫ్‌డీఏ ముందుకొచ్చినప్పుడు, అంతకుముందు ఫిల్లర్లు వేయించుకున్న కొద్దిమందికి ముఖం వాచినట్టు నమోదైంది. అది తగ్గిపోయింది, టీకా మానుకోవాల్సిన పనేమీ లేదు.
"ఏడాదిలో పోతుంది" అన్నదీ అందరి విషయంలో నిజం కాదు. కొందరికి ఏళ్ల తర్వాత తీసిన ఎమ్మారైలో కూడా జెల్ కనిపించింది.

నిడదవోలు_కుర్రాడు:
కరిగించే ఇంజెక్షన్ ఉందిగా?

చర్మవైద్యం_పీజీ:
హైలురోనిడేజ్. అది హైలురానిక్ యాసిడ్‌నే కరిగిస్తుంది. పీఎంఎంఏ (ఒక రకం ప్లాస్టిక్), సిలికాన్, కాల్షియం రకాల ఫిల్లర్ల మీద పనిచేయదు. చైనాలో పాలియాక్రిలమైడ్ జెల్ అనే మరో రకం ఫిల్లర్‌ని 2006లో నిషేధించారు. అప్పటికే ఎక్కించుకున్నవాళ్లకి ఆపరేషన్ చేసి తీసినా పూర్తిగా రాని సందర్భాలున్నాయి. ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే కరిగించేముందే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి.

ఆస్టిన్_తెలుగు:
నాకు పంటి చికిత్స తర్వాత పై పెదవి ఒకవైపు గడ్డకట్టింది. ఎమర్జెన్సీలో అలర్జీ అనుకుని మందులిచ్చి పంపారు. తర్వాత చూసిన డెర్మటాలజిస్ట్ మొదట అడిగింది "ఏ ఫిల్లర్, ఏ బ్యాచ్?" అని. నా దగ్గర చీటీ ముక్క కూడా లేదు. వేసిన చోటు అప్పటికే మూతపడింది. ఆలస్యంగా వచ్చే జబ్బుకి జవాబు చెప్పేవాళ్లు ఉండరు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నిడదవోలు_కుర్రాడు:
అది మీకు వేసినవాళ్ల తప్పు. మంచి డాక్టర్ దగ్గరైతే రాదు కదా?

చర్మవైద్యం_పీజీ:
మంచి డాక్టర్ దగ్గరా వస్తుంది, తక్కువగా. కాకపోతే వచ్చినప్పుడు వెళ్లడానికి ఒక చోటు, చూపించడానికి రికార్డు ఉంటాయి. ఏళ్ల తర్వాత వచ్చేది కూడా సంతకం పెట్టించుకునే ముందే చెప్పితీరాలి. అక్కగారూ, ఫిల్లర్ డబ్బా మీది స్టిక్కర్ ఫైల్లో అంటించమనండి, ఫోటో తీసుకోండి. పళ్ల పనులుంటే ముందు అవి కానివ్వండి. ఆటోఇమ్యూన్ జబ్బులుంటే దాచొద్దు.

మధురానగర్_అక్క:
దానికి జ్ఞానదంతం తీయించాల్సి ఉంది. ముందు అది కానిచ్చి, ఫిల్లర్ పేరు రాసిమ్మని క్లినిక్‌ని అడుగుతాను. రాసివ్వకపోతే అక్కడ వేయించనివ్వను.