ఒక్క పూట సీపీఆర్ నేర్చుకుని మనిషి మీద చెయ్యి వేయొచ్చా?

మద్దిలపాలెం_డిగ్రీ: నిన్న మా కాలేజీలో ప్రథమ చికిత్స శిక్షణ. సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కడం, నేర్పారు. 60 మందికి ఒకటే బొమ్మ, నా వంతు 2 నిమిషాలు. ఛాతీ 5 సెంటీమీటర్లు దిగితే బొమ్మ టిక్‌మంటుంది. మొదటి పదిసార్లూ నాకు అనలేదు. మోచేతులు వంచకమ్మా అని సార్ అన్నాక, ఒంటి బరువంతా వేస్తే అంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. చివరికి చేతులు వణికాయి. రేపు బీచ్ రోడ్డులో ఎవరైనా పడిపోతే నేను చేస్తాను. మీరేమంటారు?

గాజువాక_పాతకాపు: వద్దు. పక్కటెముకలు విరుగుతాయి.

మద్దిలపాలెం_డిగ్రీ: విరగొచ్చని సారే చెప్పారు బాబాయ్. పిలిస్తే పలక్క, ఊపిరి ఆడనివాళ్లకే చేస్తాం. ఎగశ్వాస ఊపిరి కింద లెక్క కాదట.

గాజువాక_పాతకాపు: విరిగితే బాధ్యత ఎవరిది? బండి గుద్దిన కుర్రాణ్ని ఆసుపత్రికి చేర్చినందుకు మా బావ రాత్రంతా స్టేషన్లో కూర్చున్నాడు.

సాయంత్రం_బీచ్: ఇప్పుడు 134ఎ సెక్షన్ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. సాయం చేసినవాళ్లకు రక్షణ.

గాజువాక_పాతకాపు: అది రోడ్డు ప్రమాదాలకు. ఇంట్లో గుండె ఆగినవాడి మాటేమిటి? ఎముక సంగతి చెప్పండి.

రుషికొండ_నర్సు: ఎముక అతుక్కుంటుంది. గుండె ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 108కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి నొక్కుతూ ఉండండి. నోట్లో ఊదడం రాకపోయినా నొక్కడం ఆపొద్దు.

మద్దిలపాలెం_డిగ్రీ: బాబాయ్, మీరు ఎముక దగ్గరే ఆగిపోయారు. చూస్తూ నిలబడేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

గాజువాక_పాతకాపు: మాట జాగ్రత్త. అలా నిలబడ్డవాణ్ని నేనే. మూడేళ్ల కిందట మా నాన్న అన్నం తింటూ ఒరిగిపోయారు. నోట్లో నీళ్లు పోశాను, అరికాళ్లు రుద్దాను. అంబులెన్స్ వచ్చేదాకా అదే. ఇది ఒక్క పూటలో వచ్చే పనని నువ్వంటే, మా అమ్మ నన్నేమనుకోవాలి?

సాయంత్రం_బీచ్: స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదండీ.

రుషికొండ_నర్సు: ఇప్పుడా చెప్పేది?

మద్దిలపాలెం_డిగ్రీ: క్షమించండి బాబాయ్. మీకు నేర్పినవాళ్లు లేరు, తప్పు మీది కాదు. 60 మందికి ఒక్క బొమ్మ చాలదని మా ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాస్తున్నాను.

గాజువాక_పాతకాపు: ఎముక సంగతి నేనింకా ఒప్పుకోలేదు. మళ్లీ ఎప్పుడు పెడతారమ్మా? బయటివాళ్లను రానిస్తారా?