చెడిపోయిన హెడ్‌ఫోన్లను ఇంట్లో బాగుచేసుకోవడం నిజంగా పొదుపేనా?

శ్రోత:
పది రోజులుగా నా హెడ్‌ఫోన్లలో ఎడమ చెవికి శబ్దం రావడం లేదు. పిన్ను దగ్గర వైరును ఒక పక్కకు వంచి పట్టుకుంటే మళ్ళీ వినిపిస్తోంది. బాగుచేయాలంటే సోల్డరింగ్ ఐరన్ (తీగలను అతికించే వేడి పనిముట్టు), సోల్డరు (కరిగించి అతికించే లోహం), మల్టీమీటరు (తీగ తెగిందో లేదో చూపే మీటరు) కొనాలి. ఆ ఖర్చుకు కొత్తవే వస్తాయని ఇంట్లో అంటున్నారు. నా దగ్గర ఉన్నది చాలా తక్కువ మొత్తం. ఏది సబబో చెప్పగలరా?

నిదానం:
మీ ఇంట్లోవారి మాటే సమంజసమని నా అభిప్రాయం. సోల్డరింగ్ అలవాటు లేనివారు ఐరన్‌ను ఎక్కువసేపు ఆనించి ఉంచడం వల్ల పిన్నులోని ప్లాస్టిక్ కరిగి, లోపలి భాగాలు ఒకదానికొకటి తగిలి, మిగిలిన చెవి కూడా మూగబోతుంది. నాకు అలాగే జరిగింది. ఒక్కసారి వాడే పనిముట్ల కోసం డబ్బు ఖర్చు చేయడాన్ని పొదుపు అనలేము.

తీగపని:
నిదానం గారి అనుభవాన్ని కాదనను, కానీ పనిముట్ల ఖర్చు లెక్కించేముందు తెగినది ఏమిటో తేల్చుకోవాలి. దానికి డబ్బు అక్కరలేదు. ముందుగా హెడ్‌ఫోన్లను మరో ఫోనుకు పెట్టి చూడండి. అక్కడ రెండు చెవులూ పనిచేస్తే లోపం మీ ఫోను సాకెట్‌లో ఉంది. అక్కడా అంతే అయితే, వంచినప్పుడు శబ్దం వస్తోంది కాబట్టి స్పీకర్ బాగానే ఉందని, వంగిన చోటే వైరు తెగిందని దాదాపు ఖాయం.

మైకు లేని 3.5 మి.మీ. పిన్నులో కొన ఎడమ చెవిది, మధ్య వలయం కుడి చెవిది, మొదలు రెండింటికీ ఉమ్మడిది. ఆ ఉమ్మడి తీగ తెగితే పాటలో వాయిద్యాలు బోలుగా వినిపిస్తూ గాయకుడి గొంతు మాత్రం దాదాపు మాయమవుతుంది, ఎందుకంటే రెండు వైపులా సమానంగా ఉండే శబ్దం అప్పుడు రద్దయిపోతుంది. ఇది తెలియక స్పీకర్లు పోయాయనుకుని మంచి హెడ్‌ఫోన్లను పారేసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇక మల్టీమీటరు లేకపోయినా గడుస్తుంది. పిన్నుకు కొంచెం పైన వైరును కత్తిరించి, లోపలి సన్నని తీగల కొనలను శుభ్రం చేసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ను ఉమ్మడి తీగకూ ఒక చెవి తీగకూ మధ్య క్షణకాలం తాకిస్తే ఆ చెవిలో టిక్కుమని వినిపిస్తుంది. అప్పుడు హెడ్‌ఫోన్లను చెవులకు పెట్టుకోకండి. ఏ తీగ ఏ చెవిదో కూడా దీనితోనే తెలుస్తుంది. సాధారణంగా ఎరుపు కుడిది, ఆకుపచ్చ లేదా నీలం ఎడమది, రాగిరంగు ఉమ్మడిది, అయినా రంగును మాత్రమే నమ్మవద్దు.

కొత్తవారు ఎక్కువగా విఫలమయ్యేది మరోచోట. ఆ సన్నని తీగలపై పలుచని వార్నిష్ పూత ఉంటుంది. దాన్ని గీకి గానీ కాల్చి గానీ తొలగించకపోతే సోల్డరు అంటుకోదు, అంటుకోవడం లేదని ఇంకా వేడిచేస్తాము, ప్లాస్టిక్ కరుగుతుంది. నిదానం గారి పిన్నుకు జరిగింది బహుశా ఇదే. కొనలకు ముందే సోల్డరు పూసి ఉంచుకుంటే పిన్నుకు రెండు మూడు సెకన్ల వేడి చాలు. పిన్ను మూతను వైరుకు ముందే తొడగడం మరచిపోకండి, నేను ఇప్పటికీ మరచిపోతుంటాను.

నిదానం:
వార్నిష్ సంగతి నాకు తెలియదు, కృతజ్ఞతలు. అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. ఇది చదివి బ్యాటరీ ఉన్న వైర్‌లెస్ హెడ్‌ఫోన్లను కూడా విప్పేవారు ఉంటారు. లిథియం సెల్‌కు చిల్లు పడితే మంటలు రావచ్చు.

తీగపని:
ఆ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఉబ్బిన సెల్‌ను ఇంట్లో ముట్టుకోకూడదు. చిరిగిన స్పీకర్ పొర జోలికీ వెళ్ళవద్దు, అది అతికినా శబ్దం మునుపటిలా ఉండదు. నేను వాదిస్తున్నది వైరు, పిన్ను, చెవి మెత్తల గురించే. ఐరన్‌ను కొనకుండా తెలిసినవారి దగ్గర ఒక సాయంత్రానికి అడిగి తెచ్చుకుంటే ఖర్చు ఒక్క పిన్నుకే.

శ్రోత:
మరో ఫోనులోనూ ఎడమ చెవి పలకలేదు. వైరు కత్తిరించి సెల్ తాకిస్తే రెండు చెవుల్లోనూ టిక్కుమంది. ఐరన్ అడిగి తెచ్చుకున్నాను, పిన్ను కొన్నాను. ఇప్పుడు రెండు వైపులా వినిపిస్తోంది, కానీ రంగులను నమ్మి అతికించడం వల్ల ఎడమ, కుడి తారుమారయ్యాయి. రేపు విప్పి మారుస్తాను.