అప్‌డేట్: జాబిక్సా, ప్రొమీథియసా? రెండూ ఉంచాం

60 లినక్స్ సర్వర్లు, 12 నెట్‌వర్క్ స్విచ్‌లు సరిగ్గా నడుస్తున్నాయో లేదో గమనించడానికి జాబిక్స్, ప్రొమీథియస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లలో ఏది నయమని ఇదివరకు అడిగాను. చివరికి స్విచ్‌లు, యూపీఎస్‌లు జాబిక్స్‌కి, సర్వర్లు ప్రొమీథియస్‌కి ఇచ్చాం. జాబిక్స్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాల నుంచి వివరాలు రాబట్టే ప్రోటోకాల్) సొంతంగానే ఉంది, టెంప్లేట్ (రెడీమేడ్ సెట్టింగుల కట్ట) తగిలిస్తే సరిపోతుంది. ప్రొమీథియస్‌కైతే దానికి వేరే ఎక్స్‌పోర్టర్ (కొలతలను ప్రొమీథియస్ చదవగలిగే రూపంలో అందించే చిన్న ప్రోగ్రామ్) పెట్టాలి, ఆ కాన్ఫిగ్ తయారుచేయడం పెద్ద తలనొప్పి.

సర్వర్ల వైపు వాటి కొలతలిచ్చే నోడ్ ఎక్స్‌పోర్టర్ పెట్టి, 9100 పోర్టును ప్రొమీథియస్ మెషీన్‌కి మాత్రమే తెరిచాం. డేటా డిఫాల్ట్‌గా 15 రోజులే నిలుస్తుంది. మేం 90 రోజులకు పెంచాం. డిస్క్ లెక్క: సర్వర్‌కి సుమారు 1000 సిరీస్‌లు (ఒక్కో సిరీస్ అంటే ఒక కొలత తాలూకు రీడింగుల వరుస), 15 సెకన్లకోసారి రీడింగ్, ఒక్కో రీడింగ్‌కి 2 బైట్లు. అంటే 60 సర్వర్లకూ కలిపి రోజుకు 700 ఎంబీ లోపు, 90 రోజులకు 62 జీబీ. 100 జీబీ ఇచ్చాం.

ఇబ్బంది పెట్టింది డిస్క్ నిండబోతోందనే అలర్ట్. గంట డేటా చూసి అంచనా కట్టమంటే, రాత్రి బ్యాకప్ రాస్తున్నప్పుడల్లా డిస్క్ అయిపోతుందని గోల. ఆ గంటలో డిస్క్ నిండిన వేగాన్నే అది ముందుకు పొడిగిస్తుంది మరి. 6 గంటల డేటా తీసుకుని, ఖాళీ 20 శాతం కన్నా తగ్గితేనే అనే షరతు కూడా కలిపి, 15 నిమిషాలు నిలిస్తేనే మోగేలా పెట్టాక ఆగింది.

ప్రొమీథియస్‌లో కొలతకు తగిలించే గుర్తు అయిన లేబుల్‌లో యూజర్ ఐడీ మాత్రం పెట్టకండి. ఒక్కో విలువకు ఒక్కో కొత్త సిరీస్ పుట్టి ర్యామ్ మింగేస్తుంది.

ప్రొమీథియస్ పడిపోతే ఎవరు చెబుతారని ఒకరు అడిగారు. దాని 9090 పోర్టును జాబిక్స్ నిమిషానికోసారి తట్టి చూస్తోంది.