చిక్కటి కిస్సెల్ చేయడం తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

రష్యాలో ఉన్నవాళ్ళు, అక్కడ మెడిసిన్ చదివి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే సాయం చేయండి. కిస్సెల్ అంటే పళ్ళరసాన్ని స్టార్చ్‌తో చిక్కబరిచి చేసేది, పల్చగా చేస్తే గ్లాసులో తాగుతారు, గట్టిగా చేస్తే స్పూన్‌తో తింటారు. నాకు కావాల్సింది ఆ గట్టిది, క్రాన్‌బెర్రీతో. పేరుకి అర్థం పులుపే, మొదట్లో ఓట్స్ పులియబెట్టి చేసేవాళ్ళట, పళ్ళూ బంగాళాదుంప స్టార్చ్ తర్వాత వచ్చాయి.

పళ్ళు నలిపి రసం తీసి పక్కన పెట్టి, పిప్పిని నీళ్ళలో మరిగించి వడకట్టి, పంచదార వేసి, చల్లటి నీళ్ళలో కలిపిన స్టార్చ్‌ని సన్నటి ధారగా పోస్తూ తిప్పుతున్నాను. తొలి బుడగలు రాగానే దించేసి, ఆ పచ్చి రసం చివర్లో కలుపుతున్నాను. అప్పటిదాకా అద్దంలా మెరుస్తూ చిక్కగా ఉన్నది రసం పడగానే జావలా జారిపోతోంది! లీటరుకి నాలుగు టేబుల్ స్పూన్ల స్టార్చ్ వేస్తున్నా ఇంతే.

ఇది పులుపు వల్లా, లేక రసంతో నీళ్ళు ఎక్కువవడం వల్లా? రసాన్ని స్టార్చ్ కంటే ముందే పోస్తే రంగూ రుచీ పోతాయా? కార్న్‌ఫ్లోర్ వాడమనకండి ప్లీజ్, దాంతో మసకగా వస్తుంది, అది పాల కిస్సెల్‌కి బాగుంటుంది. ఇంకోటి, పైన మీగడలా పొర కట్టకుండా పంచదార చల్లితే సరిపోతుందా? మా అమ్మాయి సెలవులకి వచ్చేలోపు కుదిరితే చాలా సంతోషం, అక్కడ క్యాంటీన్‌లో దానికి అదే ఇష్టం.