వేసవిలోనూ ఆఫీసుకు కోటు, టై తప్పనిసరా?

ప్రశ్న

మా కార్యాలయంలో ఏడాది పొడవునా ఒకే నియమం అమలులో ఉంది: ఫుల్ హ్యాండ్స్ చొక్కా, టై, పైన కోటు. ఎండాకాలంలోనైనా దీన్ని సడలించమని కొందరం అడిగితే, ఇవాళ టై తీయనిస్తే రేపు టీషర్టులతో వస్తారని జవాబిచ్చారు. వేసవిలో హుందాగా కనిపించాలంటే ఇవన్నీ ఉండి తీరాలా? సభ్యులు తమ అభిప్రాయాలను కారణాలతో సహా తెలియజేయగలరు.

నియమం ఉండాలనే సభ్యురాలు

ఉండాలనే నా అభిప్రాయం. సిబ్బంది వ్యవహారాలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టి అనుభవం మీద చెబుతున్నాను. "మీకు తోచినట్టు హుందాగా రండి" అన్న మరుక్షణం, హుందా అంటే ఏమిటో తేల్చే అధికారం పై అధికారి చేతికి వెళ్తుంది, ఆ తీర్పు కొత్తగా చేరినవారి మీద, అందులోనూ ఆడవారి మీద ఎక్కువగా పడుతుంది. నేను పనిచేసిన ఒక చోట ఇలా సడలించిన వారంలోనే, చేతుల్లేని టాప్ వేసుకొచ్చిన అమ్మాయిని ఇంటికి వెళ్లి మార్చుకు రమ్మన్నారు. అదే రోజు నలిగిన టీషర్టుతో వచ్చిన మేనేజరును ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కోటు ఉక్కపోస్తుందన్నది నిజమే, కానీ అందరికీ ఒకేలా ఉక్కపోస్తుంది.

సడలించాలనే సభ్యుడు

ఆ అమ్మాయికి జరిగింది అన్యాయమే, అందులో వాదన లేదు. అయితే అందరికీ ఒకేలా ఉక్కపోస్తుందన్న మాట మాత్రం సరికాదండీ. దుస్తులు ఇచ్చే వెచ్చదనాన్ని కొలవడానికి 1941 నుంచి 'క్లో' అనే ప్రమాణం ఉంది. 21 డిగ్రీల గదిలో కదలకుండా కూర్చున్న మనిషికి హాయిగా ఉండటానికి కావలసిన దుస్తులు 1 క్లో, అంటే దాదాపు ఒక సూటు. కోటు తప్పనిసరి చేసిన కార్యాలయం ఏసీని కూడా ఆ కోటుకు తగ్గట్టే తిప్పుతుంది, కోటు లేనివారు అక్కడ వణుకుతారు. నా పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగిని నడి వేసవిలో కుర్చీకి శాలువా వేలాడదీసుకుని, మధ్యాహ్నం అయ్యేసరికి వేళ్లు రుద్దుకుంటూ టైపు చేసేది. జపాన్ ప్రభుత్వం 2005లో 'కూల్ బిజ్' పేరుతో ఈ రెండింటినీ కలిపే చూసింది: ఏసీ 28 డిగ్రీల దగ్గర ఉంచండి, కోటు, టై మానండి అని చెప్పింది. 28 ఎక్కువని నాకూ అనిపిస్తుంది, కానీ దుస్తుల నియమాన్నీ గది వేడినీ ఒకే నిర్ణయంగా తీసుకోవడం మాత్రం సరైన పద్ధతి.

ఇక హుందాతనం సంగతి. అది బట్టలోనూ కుట్టులోనూ ఉంటుంది, పొరల సంఖ్యను బట్టి రాదు. మామూలు గాలిలో పాలిస్టర్ తన బరువులో 0.4 శాతం తేమను మాత్రమే పట్టుకుంటుంది, కాటన్ సుమారు 8 శాతం, లినెన్ 12 శాతం దాకా పట్టుకుంటాయి. లినెన్ ముడతలు పడుతుందని భయపడేవారు కాటన్ కలిసిన లినెన్ తీసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. లేత బూడిద రంగు, లేత నీలం చొక్కాల మీద చెమట మరకలు ఇట్టే కనిపిస్తాయి, తెలుపు మీదా ముదురు నీలం మీదా అంతగా కనిపించవు. టై కోసం కుట్టిన మెత్తని కాలరు, టై తీసేయగానే రెండు పక్కలకూ వాలిపోయి మనిషిని అలసిపోయినట్టు చూపిస్తుంది; అందుకే టై మానేవారు గట్టి పట్టీ ఉన్న కాలరో, కొసలకు గుండీలున్న కాలరో ఎంచుకోవాలి. టై లేకపోతే అందం పోతుందనేవారు చూసింది చాలాసార్లు ఈ వాలిన కాలరునే.

కోటు తప్పని రోజున లోపలి అస్తరు చూసుకోండి. పైబట్ట పల్చని ఉన్నే అయినా, వీపంతా పాలిస్టర్ అస్తరు వేస్తే గాలి ఆడదు. సగం అస్తరుతో కుట్టించుకుంటే భుజాల నిలకడ పోదు, వీపు చల్లగా ఉంటుంది.

నియమం ఉండాలనే సభ్యురాలు

అస్తరు విషయం, ఏసీ విషయం ఒప్పుకుంటున్నాను. కానీ బయటివారితో సమావేశం ఉన్న రోజున కోటు ఉండాలనే అంటాను. మిగతా రోజులకు సడలించినా, ఏవి వేసుకోవచ్చో రాతపూర్వకంగా ఉండాలి.

సడలించాలనే సభ్యుడు

సమావేశాల షరతుకు నాకు అభ్యంతరం లేదు, రాతపూర్వకంగా ఉండాలన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ప్రశ్న వేసినవారు యాజమాన్యానికి ఇచ్చే అర్జీలో అనుమతించవలసిన దుస్తులను పేరుపేరునా రాయాలి: హాఫ్ హ్యాండ్స్ చొక్కా, ఇస్త్రీ చేసిన కాటన్ ప్యాంటు, లినెన్, వాటితోపాటు చేతుల్లేని టాప్ కూడా.