టెక్సస్‌లో ఇంటి విలువ నోటీసు వచ్చింది, ప్రొటెస్ట్ వెయ్యాలా?

ప్రొద్దుటూరు నుంచి, కొత్తగా డాలస్ పక్క:
అందరికీ నమస్తే. పోయినేడు బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొన్నాం, జూన్‌లో చేరాం. కొన్నది 5,25,000 డాలర్లకు. నిన్న అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇళ్ళకు విలువ కట్టే ఆఫీసు) నుంచి కాగితం వచ్చింది, విలువ 5,60,000 అని వేశారు. పోయినేడు పన్ను చాలా తక్కువే వచ్చింది, ఇప్పుడిదేందో అర్థం కావడం లేదు. ప్రొటెస్ట్, అంటే విలువ ఎక్కువ వేశారని అభ్యంతరం, వేస్తే బోర్డు ముందుకు పిలుస్తారట, అక్కడ ఏమడుగుతారు? మేం హెచ్1బి మీద ఉన్నాం. గవర్నమెంటు మీద కేసు వేసినట్టయి రేపు గ్రీన్ కార్డుకు అడ్డమొస్తుందేమో అని ఇంట్లో ఒకటే టెన్షన్.

తాడిపత్రి నుంచి, డాలస్‌లో పాతకాపు:
తమ్ముడూ, ముందు వీసా భయం వదిలెయ్. ఇది కేసు కాదు, ఇంటి ఓనరుకు చట్టం ఇచ్చిన హక్కు. ఇమ్మిగ్రేషన్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. పోయినేడు తక్కువ ఎందుకొచ్చిందంటే, ఏ ఏటి విలువైనా ఆ ఏడాది జనవరి 1న ఇల్లు ఎట్లుందో దాన్నిబట్టే వేస్తారు. ఆ రోజుకు మీ ఇల్లు పునాదుల్లోనో, ఫ్రేము దగ్గరో ఉండుంటుంది. ఇప్పుడు పూర్తి ఇంటికి వేశారు. నువ్వు అడగలేదు గానీ అసలు దెబ్బ తగిలేది ఇక్కడే: లోను వాళ్ళు ఎస్క్రోలో (పన్ను కట్టేందుకు నెల కంతుతో పాటు మన డబ్బు దాచే ఖాతా) పాత పన్ను లెక్కన పట్టుకుంటూ వచ్చి, కొత్త బిల్లు రాగానే షార్టేజీ అని నెల కంతు ఒక్కసారిగా పెంచేస్తారు. ప్రొటెస్ట్ గెలిచినా ఓడినా ఆ డబ్బు ఇప్పటి నుంచే పక్కన పెట్టుకో.

గడువు మే 15, లేదా నోటీసు పంపిన రోజు నుంచి 30 రోజులు, ఏది తర్వాత వస్తే అది. ఆన్‌లైన్‌లో వేసేటప్పుడు రెండు కారణాలకూ టిక్కు పెట్టు. మార్కెట్ విలువ కంటే ఎక్కువ వేశారని ఒకటి, చుట్టుపక్కల అలాంటి ఇళ్ళతో పోలిస్తే ఎక్కువ వేశారని ఇంకొకటి. ఇక నువ్వు కొన్న ధర నోటీసు కంటే తక్కువ కదా, కొన్న రోజు ధర రాసి ఇచ్చిన క్లోజింగ్ కాగితమే నీకు మంచి సాక్ష్యం.

ఆదోని నుంచి:
తమ్ముడూ, అవన్నీ సరే గానీ ముందు వాళ్ళ వెబ్‌సైటులో మీ ఇంటి రికార్డు తెరిచి చదరపు అడుగులు చూసుకోండి. మాకు జరిగింది చెప్తా. హాలు పైన పైకప్పు దాకా ఖాళీగా వదిలిన చోటు ఉంది చూడండి, దాన్ని పైన ఇంకో గది ఉన్నట్టు లెక్కేసి రికార్డులో ఎక్కించారు. ముందు ఫోన్‌లో మాట్లాడిన అప్రైజరు, మా రికార్డు ఇదే అని వాదించాడు. చివరికి కొద్దిగా తగ్గిస్తా, ఇప్పుడే ఒప్పుకో అన్నాడు. మా ఆయన పోనీలే ఒప్పుకుందాం అంటే నేను వద్దన్నా. ఒకసారి ఒప్పుకున్నామంటే ఆ ఏటికి అంతే, ఇక బోర్డు దాకా పోలేం. కొలత తప్పు కూడా అట్లే ఉండిపోతుంది.

వాళ్ళ దగ్గరున్న సాక్ష్యాలు పంపమని మేం రాతపూర్వకంగా అడిగాం, పంపలేదు. తీరా హియరింగు రోజు స్విమ్మింగ్ పూల్ ఉన్నవి, మా కంటే పెద్ద స్థలాలున్నవి మూడు ఇళ్ళు బయటికి తీసి, వీటితో పోల్చండి అన్నారు. నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. కానీ కోపం పక్కన పెట్టి ఒకటే మాటన్నా: అడిగినప్పుడు 14 రోజుల ముందు ఇవ్వాలి, ఇవ్వనిది ఇక్కడ వాడకూడదని చట్టంలో ఉంది. బోర్డులో ముగ్గురు కూర్చుంటారు, వాళ్ళు అప్రైజల్ ఆఫీసు ఉద్యోగులు కారు, మన కౌంటీలో ఉండే మామూలు మనుషులే. అందులో పెద్దావిడ అప్రైజరును ఆపేసింది. బిల్డరు ప్లాను చూపించా, పునాది పగుళ్ళ రిపేరుకు రాయించిన అంచనా కాగితం ఇచ్చా. డాలస్ నేల మా ఆదోని నల్లరేగడి లాంటిదే, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. ఆ మాట బోర్డు వాళ్ళకు మనం చెప్పక్కర్లేదు. కొలత సరిచేశారు, విలువా తగ్గించారు. పన్నులు పెరిగి బతకలేకపోతున్నాం అని మాత్రం అక్కడ ఎత్తకండి. రేటు వేసేది స్కూలు డిస్ట్రిక్టు, కౌంటీ, సిటీ. బోర్డు చూసేది విలువ ఒక్కటే.

కడప నుంచి, హ్యూస్టన్:
ఇంత కష్టం దేనికక్కా, కన్సల్టెంటుకు ఇచ్చేస్తే వాళ్ళే పోతారు, మిగిలినదాంట్లో ఒక వాటా తీసుకుంటారు. అయినా హోమ్‌స్టెడ్ (సొంతిట్లో కాపురం ఉండేవాళ్ళకిచ్చే పన్ను మినహాయింపు) ఉన్నవాళ్ళకు పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం కంటే పెరగదు కదా, ప్రొటెస్ట్ దేనికి?

తాడిపత్రి నుంచి, డాలస్‌లో పాతకాపు:
అన్నా, కొత్తవాళ్ళకు ఇట్లా చెప్పొద్దు. ఆ 10 శాతం పరిమితి, అదే క్యాప్, హోమ్‌స్టెడ్ వచ్చిన ఏడాది కాదు, దాని మరుసటి జనవరి 1 నుంచి. అప్పుడు కూడా మార్కెట్ విలువ వేరే, క్యాప్ విలువ వేరే, రెంట్లో తక్కువదాని మీదే పన్ను. పోయినేడు పన్ను వేసిన విలువ 5 లక్షలు అనుకో, క్యాప్ 5,50,000. నోటీసులో మార్కెట్ 6,20,000 ఉంటే దాన్ని 5,80,000కు దించినా ఈ ఏటి పన్నులో పైసా తగ్గదు, నిజమే. మార్కెట్ 5,40,000 ఉంటే మాత్రం దించిన ప్రతి డాలరుకూ ఆ మేరకు పన్ను తగ్గుతుంది. మా వైపు అన్నీ కలిపి రేటు రెండు శాతం దాటుతుంది, పది వేలు తగ్గితే రెండు వందల పైన మిగిలినట్టే.

కడప నుంచి, హ్యూస్టన్:
మార్కెట్ దించినా తగ్గదని నువ్వే ఒప్పుకున్నావు కదా, నేను చెప్పిందీ అదే.

తాడిపత్రి నుంచి, డాలస్‌లో పాతకాపు:
నీ ఇల్లు పాతది అన్నా, క్యాప్ ఎప్పుడో పట్టుకుంది. ఈ తమ్ముడిది మొదటి పూర్తి ఏడాది. ఇప్పుడు వేసిన విలువ మీదనే రాబోయే ఏళ్ళ 10 శాతం లెక్క మొదలవుతుంది. ఈ ఒక్క ఏడూ అసలు వదలకూడదు.

గుంతకల్లు నుంచి:
మన దగ్గర 2021 నుంచి ఆంధ్రాలో ఇంటి పన్ను అద్దె లెక్క నుంచి మూలధన విలువకు మార్చారు, ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని పెట్టారు. మా నాన్న ఆ నోటీసు వచ్చినప్పుడు పక్కింటి పన్ను రసీదు పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయాడు. ఇక్కడ ప్రొటెస్ట్‌లో రెండో కారణం, చుట్టుపక్కల ఇళ్ళతో పోలిక అంటే అదే పని, పక్కింటి అప్రైజల్ విలువ ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. టెక్సస్‌లో అమ్మిన ధర బయటపెట్టాలన్న చట్టం లేదు కాబట్టి, కొన్న ధరల కంటే ఈ పోలికే మనకు సులభంగా దొరికేది.

ప్రొద్దుటూరు నుంచి, కొత్తగా డాలస్ పక్క:
అందరికీ చాలా థ్యాంక్స్. హోమ్‌స్టెడ్ ఇంకా వెయ్యలేదు. హెచ్1బి వాళ్ళకు ఇస్తారా? ప్రొటెస్ట్ వేస్తే కోపంతో విలువ ఇంకా పెంచరు కదా?

ఆదోని నుంచి:
ఇస్తారు, వీసాతో పని లేదు. సొంతిల్లయి, అందులోనే కాపురం ఉంటే చాలు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఈ ఇంటి అడ్రసే ఉండాలి, ముందు అది మార్పించుకోండి. స్కూలు పన్నులో 1,40,000 డాలర్ల విలువ మినహాయింపు వస్తుంది, దాన్ని వదులుకోకండి. నోటీసులో ఉన్న విలువ కంటే బోర్డు పెంచకూడదని చట్టమే ఉంది, ఆ భయం వద్దు. ముందు ప్రొటెస్ట్ వేసెయ్యండి, కాగితాలు తర్వాత సర్దుకోవచ్చు. ఒక ఫోల్డరులో క్లోజింగ్ కాగితం, బిల్డరు ప్లాను, మీ వీధిలో అదే మోడలు ఇళ్ళ విలువలు పెట్టుకోండి. రికార్డులో చదరపు అడుగులు ఎంతున్నాయో ఇక్కడ రాయండి, ప్లానుతో కలిపి చూద్దాం.